పిట్టకు వదిలిన గింజ

గద్వాల,
11-12-1988

చెల్లెలు జానకమ్మకు అన్న శాంతయ్య దీవించి రాసేది.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ నువ్వు, బావ కురుమూర్తి, పిల్లలు క్షేమమని తలుస్తాను. పోయిన మాఘంలో నీకు పెట్టిన జొన్నకంకి అంచు చీర నాకు అవసరం పడింది. ఉతకవద్దు, ఇస్త్రీ చేయించవద్దు. ఎట్లా ఉంటే అట్లాగే వెంటనే పార్సిలు చెయ్యి. కారణం కార్డు మీద రాసేది కాదు.

మీ వదిన యాదమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఉంటాను,
శాంతయ్య


ఉప్పునుంతల,
20-12-1988

అన్నకు జానకమ్మ నమస్కారాలు.

నీ కార్డు మా వాడకట్టంతా తిరిగి తిరిగి చివరికి నా చేతికి వచ్చింది. మా పోస్టుమానుకు చదువూ వచ్చు, నోరూ ఉంది. మా ఆడబిడ్డ సుభద్రమ్మ నాకంటే ముందే విన్నది. బోరింగు దగ్గర పదిమందిలో "ఏందొదినా, మీ అన్న పెట్టిన చీర మల్ల అడుగుతుండంట గద" అన్నది. నిండిన బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

పెట్టిన చీర వెనక్కి అడిగిన అన్నను నేను ఇంతవరకు చూడలేదు, వినలేదు. మగ్గం మీద కొత్త నమూనా దిగితే మొదటి చీర ఆడబిడ్డకు పెట్టాలని, రెండోది మాత్రమే అమ్మకానికి పోవాలని మన వీధిలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. నాన్న గంజి తాగి నేసిన రోజుల్లో కూడా మొదటి చీర మేనత్త ఇంటికే పోయింది. ఆమె దగ్గర ఏనాడూ ఎవరూ అడగలేదు.

ఇంకో మాట. అది ఊరికే పెట్టిన చీర కాదు. వదినకు జ్వరం వచ్చినప్పుడు నేను పది రోజులు వచ్చి మగ్గానికి అవతలి కొసన కూర్చున్నాను. మన చీర ఒక్కడు నేసేది కాదు కదా. నడుమ నూలు, అంచు పట్టు. నువ్వు నాడె విసిరితే, అవతల నూలుపోగును పట్టుపోగుతో మెలేసి తిరిగి పంపే చెయ్యి ఒకటి ఉండాలి. నువ్వు గళ్ల కాగితం మీద కంకి గీస్తుంటే ఏడో వరుసలో ఒక గింజ తీసెయ్యమన్నది కూడా నేనే. "అన్నా, పిట్టకు జర ఇడ్సిపెట్టు" అంటే నవ్వి తీసేశావు. పోయిన వైశాఖంలో వీపనగండ్లలో మా మరిది పెండ్లికి ఆ చీర కట్టుకుంటే ఆడవాళ్లు కొంగు పట్టుకుని గింజలు లెక్కపెట్టారు. మా అన్న నేశాడని అందరికీ చెప్పుకుని తిరిగాను.

చీర పంపను. అంత అవసరమైతే బస్సెక్కి వచ్చి నా మొహం చూసి అడుగు.

నీ చెల్లెలు (ఇంకా అనుకుంటే),
జానకమ్మ


గద్వాల,
3-1-1989

జానకీ,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. "కార్డు ముక్క మీద చీర అడిగినవా, బుద్ధున్నదా నీకు" అని నన్నే తిట్టింది. తప్పు నాదే. కార్డు మీద సంగతి రాస్తే అది ఊరు దాటకముందే తుకారాం సేటు చెవిలో పడుతుందని రాయలేదు. ఈసారి ఇన్‌లాండు కాగితం తెచ్చి, మెతుకులతో నాలుగు వైపులా అంటించి పంపుతున్నాను.

తుకారాం సేటు నీకు తెలుసు. నూలు, పట్టు, జరీ ఆయన ఇస్తాడు, మనం నేసి ఇస్తాం. నాన్న కాలం నుంచీ అంతే. మన కంకి చీర రెండోది చూసి ఆయనకు మతి పోయింది. "కాగితమియ్యి శాంతయ్య, అట్టలు కొట్టించి తెస్త" అని గళ్ల కాగితం తీసుకుపోయాడు. మగ్గానికి కట్టే చిల్లుల అట్టలైతే వచ్చాయి కానీ కాగితం రాలేదు. మొన్న కార్తీకంలో మన సొసైటీ వాళ్లు పట్నంలో ప్రదర్శనకని అడిగితే అదే నమూనాతో రెండు చీరలు నేసి ఇచ్చాను. పదిహేను రోజులకు వకీలు నోటీసు వచ్చింది.

అది ఇంగ్లీషులో ఉంటే పట్టుకుని వనపర్తి పోయాను. అక్కడి వకీలు చదివి చెప్పాడు. సేటు ఆ నమూనాను కలకత్తాలో తన పేరున రిజిస్టరు చేయించుకున్నాడట, సెప్టెంబరులో. నేను ఆయన పనివాణ్ణట, ఆయన సరుకుతో, ఆయన చెప్పినట్టు గీశానట. ఇక మీదట ఆ అంచు నేస్తే దొంగతనమట. నేను గీసిన కంకిని నేను దొంగిలించడం ఎట్లాగో నాకు అర్థం కాలేదు. రెండుసార్లు చదివించుకున్నాను. రెండుసార్లూ అదే ఉంది.

వకీలు ఒక దారి చెప్పాడు. "సెప్టెంబరు కంటె ముందే ఆ చీర నలుగురి కండ్ల పడ్డదని నువ్వు చూపిస్తె సేటు కాగితం కొట్టుకపోతది. చూపిస్తవా?" అన్నాడు. చూపిస్తానన్నాను. బయటికి వచ్చాక చూసుకుంటే గళ్ల కాగితం సేటు దగ్గర, నోటీసు వచ్చినరోజే మనిషిని పంపి విప్పించుకుపోయిన అట్టలూ సేటు దగ్గర. ఆయనకిచ్చిన చీరలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. తారీఖుతో సహా సాక్ష్యం చెప్పేది నీ ఒంటిమీది చీర ఒక్కటే. అందుకే అడిగాను, కట్టుకోవడానికి కాదు, అమ్ముకోవడానికీ కాదు.

కాగితం కొట్టుకుపోతే నమూనా నాది అవుతుందా అని కూడా అడిగాను. "నీది గాదు. ఎవ్వరిది గాదు. రిజిస్టరు గాకముందే చెల్లెకు కట్టబెట్టి లోకానికి చూపిస్తివి. ఇగ అది అందరిది" అన్నాడు. అంటే మొదటి చీర ఆడబిడ్డకు పెట్టినంతకాలం మన వీధిలో ఏ నేతగాడికీ తన నమూనా తనది కాదన్నమాట. మన పెద్దలకు ఈ చట్టం తెలియదు, చట్టానికి మన ఆడబిడ్డలు తెలియదు. అయినా సరే అనుకున్నాను. అందరిది అయితే ఆ అందరిలో నేను కూడా ఉంటాను. సేటుది అయితే నేనొక్కణ్ణే ఉండను.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇక్కడ బజారులో అచ్చు వేసిన కంకి చీరలు దిగాయి, మిల్లు గుడ్డ మీద. కల్వకుర్తి నుంచి వచ్చాయన్నారు. ఏడో వరుసలో ఆ గింజ వాటిలోనూ లేదు. బావ కల్వకుర్తి సంతలో బట్టలు అమ్ముతాడు కదా, మన చీర ఎవరికైనా చూపించాడేమో కనుక్కో. చీరతో పాటు పెండ్లి ఫొటో, శుభలేఖ కూడా పంపు. సేటు నాకు నూలు ఆపేశాడు. మగ్గం ఖాళీగా ఉంది, పడుగు లేని మగ్గం ఉన్న ఇంట్లో కూర్చోవడం కష్టంగా ఉంది.

నీ అన్న,
శాంతయ్య


ఉప్పునుంతల,
22-1-1989

అన్నకు,

చీర లేదు. వానాకాలంలో చెక్కపెట్టెకు చెదలు పట్టింది. మొన్న నీ ఉత్తరం చూసి తెరిస్తే మడతలన్నీ మట్టి అయి ఉన్నాయి. తీసి పెంటకుప్పలో వేశాను.

పెండ్లి ఫొటోలో నేను వెనక వరుసలో ఉన్నాను. నా తల తప్ప ఏమీ కనిపించదు. శుభలేఖ ఒకటి ఉంటే ఇందులో పెట్టాను, అది నీకు పనికి వస్తుందనుకోను.

బావ చూపించాడేమో కనుక్కోమన్నావు. సంతలో ఎండకూ వానకూ నిలబడి గుడ్డ అమ్ముకునే మనిషి ఆయన. ఇంటికి అన్నం తెచ్చేవాణ్ణి దొంగవా అని అడగమంటే నేను అడగలేను. నీ కష్టం నాకు తెలుసు. కానీ నీ కష్టంలోకి మా ఇంటిని లాగవద్దు.

చీర సంగతి ఇక రాయకు.

జానకమ్మ


గద్వాల,
2-5-1989

జానకీ,

మూడు నెలలు దాటింది రాయక. కోపంతో కాదు. రాయడానికి మంచి మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు.

చెదలను ఏమంటాం. వాటికి మన మీద పగేముంది. నీ ఉత్తరం విని మీ వదిన లేచి ఖాళీ మగ్గం తుడిచింది. బావ సంగతి అడిగినందుకు నన్ను మన్నించు. మనిషి మునుగుతున్నప్పుడు చేతికి ఏది తగిలితే అది పట్టుకుంటాడు.

నోటీసు సంగతి తెలిసి మిగతా సేట్లు కూడా నాకు నూలు ఇవ్వలేదు. కోర్టుకు పోయేవాడి మగ్గం మీద సరుకు ఎవరు పెడతారు. అప్పుడు ఎవరో చెబితే పాలమూరు లేబరు ఆఫీసుకు పోయాను. ఇరవై ఏండ్లు ఒకే సేటుకు నేసినవాణ్ణి, చెప్పాపెట్టకుండా పని ఆపడానికి వీలుందా అని అడుగుదామని పోయాను. అక్కడి ఆఫీసరు మంచివాడే. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"మగ్గమెవలిది?" అన్నాడు. నాది అన్నాను. "ఏడున్నది?" మా ఇంట్ల. "పొద్దుగాల ఎన్ని గంటలకు కూసోవాల్నో సేటు చెప్తడా?" చెప్పడు సార్, చీరెప్పుడు దిగుతదని అడుగుతడు. "అవతలి కొసకు ఎవలు కూసుంటరు?" నా పెండ్లాం. ఆయన కలం కింద పెట్టాడు. "గట్లయితె నువ్వు ఆయన పనోనివి గావు శాంతయ్య. నీ పని నీదే. బీడీలు చుట్టెటోల్లకు చట్టమున్నది, ఇంట్ల చుట్టినా పనోల్లే. మీకు గసొంటిది నాకు తెల్వదు."

నేను నోటీసు తీసి ఆయన ముందు పెట్టాను. "దీంట్ల నేను సేటు పనోన్నని రాసిండ్రు గద సార్, గందుకే నమూనా ఆయనదంట" అన్నాను. రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికే తిరిగి ఇచ్చాడు. "గది వేరే చట్టం" అన్నాడు. ఒక చట్టంలో పనివాణ్ణి కాబట్టి నా గీత నాది కాదు. ఇంకో చట్టంలో పనివాణ్ణి కాను కాబట్టి నా పని మీద నాకు హక్కు లేదు. బస్సులో తిరిగి వస్తూ ఎటునుంచి చూసినా నేను ఎక్కడా లేనని తెలిసింది.

ఫాల్గుణంలో సేటు పాలమూరు కోర్టులో దావా వేశాడు. తర్వాత తనే ఇంటికి వచ్చాడు. గొంగడి పరిస్తే కూర్చున్నాడు. "శాంతయ్య, మీ నాయన మా నాయనకు నేసిండు. నీతోని నాకు కొట్లాటెందుకు. కొత్తగ షెడ్డు ఏసిన, పదకొండు మగ్గాలు. నీకు పని, ఉండనీకి అర్ర ఇస్త. ఒక్క కాగితం మీద దస్కత్ చెయ్, దావా రాజీ అయితది" అన్నాడు.

కాగితంలో రెండు మాటలు ఉన్నాయి. నమూనాను నేను సేటు పనివాడిగా గీశానన్నది ఒకటి. సెప్టెంబరుకు ముందు ఆ అంచుతో ఏ చీరా బయటికి పోలేదన్నది రెండోది. మొదటి మాటకు నా చెయ్యి ఆగలేదు, దాన్ని అప్పటికే చాలాసార్లు విన్నాను. రెండో మాట దగ్గర ఆగింది. వీపనగండ్లలో నువ్వు కొంగు పరిచి చూపించిన మాట గుర్తుకు వచ్చింది. తర్వాత, చెదలు తిన్న చీర కోసం యాదమ్మను ఎన్నాళ్లు పస్తుంచాలని సంతకం పెట్టాను. జూన్ 26న కోర్టులో జడ్జి నన్ను అడుగుతాడట, ఒప్పుకున్నావా అని. అవునంటే రాజీ నమోదై అక్కడితో అయిపోతుంది.

మగ్గం విప్పేశాం. ఇల్లు ఖాళీ చేసి షెడ్డు వెనక అర్రలోకి వచ్చాం. పొద్దున్నే గుమాస్తా హాజరు పిలుస్తాడు. మొదటిరోజు నా పేరు పిలవలేదు. అడిగితే "నువ్వు మల్లేశం. యాది పెట్టుకో" అన్నాడు. మల్లేశం బొంబాయి పోయి రెండేండ్లయింది. ఒకే పేరు రిజిస్టరులో ఎనిమిది నెలలు నడిస్తే మనిషికి ఏవో హక్కులు వస్తాయట, అందుకని ఆరు నెలలకొకసారి పేర్లు మారుస్తారు. దసరా దాటాక నేను ఇంకెవరినో అవుతాను. మీ వదిన అవతలి కొసన కూర్చుంటుంది కానీ ఆమెకు ఏ పేరూ లేదు. పొద్దంతా ఇద్దరం కంకులే నేస్తున్నాం. ఏడో వరుస వచ్చినప్పుడల్లా ఆ గింజ దగ్గర ఇద్దరం తల దించుకుంటాం.

నువ్వు ఉత్తరం రాస్తే మల్లేశం, తుకారాం సేటు షెడ్డు, గద్వాల అని రాయి. గేటు దగ్గర గుమాస్తా రిజిస్టరు చూసి పంచుతాడు. నా పేరున వస్తే తీసుకోడు.

ఉంటాను,
నీ అన్న


ఉప్పునుంతల,
6-6-1989

మా అన్న శాంతయ్యకు జానకమ్మ కాళ్లు మొక్కి రాసేది.

చీరకు చెదలు పట్టలేదు. పెట్టెలో వేపాకుల మధ్య పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను అబద్ధం రాశాను.

ఎందుకు రాశానో చెబుతాను. జనవరిలో నీ ఉత్తరం వచ్చిన రోజే మీ బావను అడిగాను. ముందు లేదన్నాడు. అన్నం సగంలో చెయ్యి కడుక్కుని బయటికి పోయి, గడప దగ్గరికి మళ్లీ వచ్చి చెప్పాడు. "కల్వకుర్తి దుకాణపాయన వారం రోజులు ఉంచుకుంటనన్నడు. మీ అన్న పనితనం చూపిస్తమని ఇచ్చిన. జాగర్తగనే తెచ్చి పెట్టిన గద" అన్నాడు. ఆయనకు గొప్ప చెప్పుకోవాలనే తప్ప వేరే ఆలోచన లేదు. నేను వీపనగండ్లలో చేసిందే ఆయన కల్వకుర్తిలో చేశాడు. కానీ చీర కోర్టుకు ఎక్కితే దాని వెనక ఆయన పేరూ ఎక్కుతుందని భయపడ్డాను. అన్న ఎట్లాగైనా బతుకుతాడు, మొగుణ్ణి జైల్లో వేస్తే నా పిల్లలు ఏమవుతారని అనుకున్నాను. బోరింగు దగ్గర పోయిన పరువు కూడా మనసులో ఉంది. అన్నీ కలిసి చెదలయ్యాయి.

నీ మే నెల ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండో మాట దగ్గర నీ చెయ్యి ఆగిందని రాశావు. ఆ ఆగిన చెయ్యిని నేనే ముందుకు తోశాను. అప్పటినుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. చివరికి మీ బావను తీసుకుని కల్వకుర్తిలో ఒక వకీలు దగ్గరికి పోయాను. చీర చూపించినందుకు ఎవరినీ జైల్లో వెయ్యరని వకీలు నవ్వాడు. ఈ సంగతి జనవరిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

దారి ఇంకా ఉందన్నాడు వకీలు. "దస్కత్ చేసినా, జడ్జి అడిగినప్పుడు ఒప్పుకోనంటె రాజీ గాదు. చీర పట్టుకొని నిలబడుమను" అన్నాడు. ముందుగా నువ్వు వచ్చి ఆయన దగ్గర ఒక కాగితం రాసి ఇవ్వాలి. అందుకని 20వ తేదీలోగా నాకు జవాబు రాయి. ఊ అంటే చాలు. 26న మొదటి బస్సుకు పాలమూరు వస్తాను. ఆ చీర కట్టుకునే వస్తాను, కోర్టు మెట్ల దగ్గర నిలబడతాను, జడ్జి అడిగితే కొంగు పరిచి ఏడో వరుస చూపిస్తాను. మీ బావ కూడా వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాడు.

జవాబు రాకపోతే నువ్వు నన్ను మన్నించలేదని అనుకుంటాను. అట్లాగైతే రాను. మన్నించని అన్న ఎదుట ఆ చీర కట్టుకుని నిలబడే ధైర్యం నాకు లేదు.

మల్లేశం పేరున రాయమన్నావు. అది మాత్రం నావల్ల కాదు. నీ చీర దాచాను, నీకు అబద్ధం చెప్పాను, ఇప్పుడు నా చేత్తో నీ పేరు కూడా తీసేస్తే సేటుకూ నాకూ తేడా ఏముంది. కవరు మీద నీ పేరే రాశాను, పెద్ద అక్షరాలతో. గుమాస్తా ఎవరైనా సరే, గద్వాలలో శాంతయ్యను ఎరగనివాడు ఉండడు.

నీ జవాబు కోసం చూస్తుంటాను. వదినకు నా నమస్కారం చెప్పు.

నీ చెల్లెలు,
జానకమ్మ

(కవరు మీద ఎర్ర సిరాతో: ఈ పేరు గలవారు షెడ్డు రిజిస్టరులో లేరు. పంపినవారికి వాపసు. గద్వాల, 13-6-1989. దాని కింద ముద్ర: ఉప్పునుంతల, 29-6-1989.)


గద్వాల,
27-6-1989

జానకీ,

కార్డే రాస్తున్నాను. ఇప్పుడు ఎవరు చదివినా పోయేదేమీ లేదు.

నిన్న పాలమూరు పోయి వచ్చాను. కోర్టులో బంట్రోతు శాంతయ్య, శాంతయ్య అని రెండుసార్లు పిలిచాడు. ఎవరినో అనుకుని కూర్చున్నాను. మూడోసారి సేటు భుజం తడితే లేచాను. జడ్జి అడిగాడు, ఆ అంచుతో ముందు ఏ చీరా బయటికి పోలేదా అని. పోలేదన్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మేలో నేను రాసినదానికి నీ జవాబు రాలేదు. బావ సంగతి అడిగినందుకు ఇంకా కోపంగా ఉన్నావని తెలుసు, ఉండు, అది నీ హక్కు. ఈ మాట చెబుదామనే రాశాను. ఆ చీరను చెదలు తినడమే మంచిదైంది. అది ఎక్కడో ఒకచోట ఉందని తెలిస్తే నిన్న ఆ మాట నా నోటి నుంచి వచ్చేది కాదు.

ఉంటాను,
అన్న